సోమ్లీ పెట్రోలు

చిన్నారావుకి చెవులు పోతున్నాయన్న సంగతి బస్తర్‌లోని ఇనప గనుల ఊరు కిరండూల్ మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు చిన్నారావు. రెండో మనిషి అతని భార్య సంతోషకుమారి. ఆవిడకి తెలుసన్న సంగతి మాత్రం చిన్నారావుకి తెలీదు. మొగుడూ పెళ్ళాల వ్యవహారం ఇలాగే ఉంటుంది లెండి, ఒకే ఇంట్లో ఉండి ఒకే గుట్టుని చెరో మూలా దాచుకుంటారు.

మామూలు మనిషికి చెవి పోతే ఓ మిషను పెట్టుకుని ఊరుకుంటాడు. చిన్నారావు కూడు తినేదే ఆ చెవి మీద. రైల్వే క్వార్టర్ల వెనక అతని షెడ్డు. బోర్డు కూడా లేదు. అయినా జగదల్‌పూర్ నుంచీ, ఒరిస్సా జైపూర్ నుంచీ టర్బో కార్లు వెతుక్కుంటూ వస్తాయి. కంపెనీ ఇచ్చిన పికప్ సరిపోని వాళ్ళు పెద్ద పెట్రోలు పంపు, పెద్ద ఇంజెక్టర్లు వేయించుకుని, టర్బో తోసే గాలి పెంచుకుని, కారు కంప్యూటర్లో లెక్కలు మార్పించుకుని పోతారు. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, రెండూ కుదిరితే నిప్పు రవ్వ పడే టైమింగ్ కుదరాలి. ఎక్కడ పిసరంత తప్పినా పెట్రోలు తన వేళకి ముందే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. రేకు డబ్బాలో నాలుగు శెనగ గింజలు ఆడించినట్టు సన్నగా చప్పుడొస్తుంది. అది వినకుండా తొక్కుకుంటూ పోతే పిస్టన్ కరిగిపోతుంది.

ఆ చప్పుడు పట్టడానికి ఇంజన్ మీద సెన్సారొకటి ఉంటుంది, కాదనం. కానీ ఈ బస్తర్ రోడ్ల మీద తిరిగే కారుకి కింద మందపాటి ఇనప ప్లేటు లేకపోతే ఇంజన్ నూనె ఉండే చాంబరు పగిలి చేతికొస్తుంది. ఆ ప్లేటు గలగలలాడితే సెన్సారు దాన్నీ నాకింగే అనుకుని ఇంజన్ని నొక్కేస్తుంది. అందుకని చిన్నారావు సెన్సారుని సగం నోరు మూయించి, తన చెవిని నమ్ముకునేవాడు. రాగి గొట్టం ఒక చివర సుత్తితో చప్పగా కొట్టి ఇంజన్‌కి బోల్టుతో బిగిస్తాడు. రెండో చివర రబ్బరు పైపు తగిలించి కారు లోపలికి లాగి, చెవులు మూసే పసుప్పచ్చ డిప్పలకి కలుపుతాడు. అవి పెట్టుకుని పక్క సీట్లో ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చుంటాడు. "చిన్నారావు ఉస్తాద్ చెవి పెట్టేడంటే ఇక తిరుగులేదు" అని పేరు.

ఆ డిప్పలు గనిలో ఇచ్చినవే. వాళ్ళ నాన్న పార్వతీపురం నుంచి రైల్వే లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. కొడుకు ఇక్కడే చదివి, ఓర్, అంటే గనిలో తవ్విన ఇనప రాయి, పగలగొట్టే ప్లాంటులో పదకొండేళ్ళు కాంట్రాక్టు పని చేశాడు. చెవులకి పెట్టుకోండర్రా అని డిప్పలిచ్చారు, ఎవడు పెట్టుకున్నాడు గనక? పెట్టుకుంటే పక్కవాడి కబుర్లు వినబడవు గదా. చెవి ఒక్కసారిగా పోదు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయి, మాటలు మిగులుతాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చిన్నారావుకి మాత్రం రెండేళ్ళ కిందటే వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే తొక్కిపెట్టాడు.

కిందటేడు దసరాల ముందు బీజాపూర్ అవతల, తెలంగాణ సరిహద్దు వైపున్న మద్దేడ్ దగ్గరి ఊరి నుంచి బుధ్రాం అనే రైతుబిడ్డ వచ్చాడు. హైదరాబాదులో కొన్నాళ్ళు డ్రైవరు పని చేసి, పాత టర్బో కారొకటి కొనుక్కుని తిరిగొచ్చిన మనిషి. జగదల్‌పూర్ దగ్గర మట్టి ట్రాకు మీద జరిగే పోటీకి దాన్ని తయారు చేయమన్నాడు. చిన్నారావు పంపు మార్చాడు, ఇంజెక్టర్లు మార్చాడు, డిప్పలు పెట్టుకుని విన్నాడు. ఏ చప్పుడూ లేదు. బ్రహ్మాండం అన్నాడు.

పన్నెండో రోజున ఆ కారు ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని వచ్చింది. హెడ్డు విప్పితే మూడో పిస్టన్‌కి వేలు పట్టేంత బొక్క. బుధ్రాం పక్కనే నిలబడి చూస్తున్నాడు. చిన్నారావు ఆ బొక్కకేసి చాలాసేపు చూసి, "పెట్రోలు ఎక్కడ పోయించేవు?" అన్నాడు.

"బంకులనే ఉస్తాద్. ఒక్కసారి మాత్రం సంతల సోమ్లక్క దగ్గర రెండు సీసాలు పోసిన."

"అదే మరి" అన్నాడు చిన్నారావు.

అంతే. సీసా పెట్రోలులో కిరోసిన్ కలుపుతారని అందరూ అనేదే. అతను కొత్తగా ఏదీ కల్పించలేదు. ఆ రెండు ముక్కలే అన్నాడు. బుధ్రాం రెండు చెవులూ పట్టుకుని "తప్పయింది ఉస్తాద్" అని, కారుని మళ్ళీ ట్రాక్టరుకి కట్టుకుని వెళ్ళిపోయాడు. తనకి తప్పకుండా బాధేస్తుందని చిన్నారావు ఎదురు చూశాడు. ఆ రాత్రి లేదు, మర్నాడు లేదు, వారం పోయినా లేదు. అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, పని చేశాడు. లోపల ఏదో తిమ్మిరెక్కినట్టయిపోయి, గిల్లినా తెలియడం లేదు. ఇదేటిది, మనిషినేనా నేను అని ఒకటి రెండుసార్లు అనుకుని, అదీ మానేశాడు.

మొన్న హోలీ వెళ్ళిన వారానికి అదే కారు తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. దిగినవాడు బుధ్రాం తమ్ముడు మంగల్.

"జగదల్‌పూర్‌ల ఇంజన్ కొత్తగ కట్టించినం ఉస్తాద్. వాళ్ళు చిన్న పంపే ఏసిండ్రు. నువ్వు మల్ల పెద్దది ఎయ్యాలె. ఈసారి పోటీకి నేను పోత." జేబులోంచి రబ్బరుబాండు చుట్టిన రసీదుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "ఇగో, బంకు పర్చీలు. బీజాపూర్ బంకుల తప్ప ఎక్కడా పోయలే. నువ్వు నమ్మాలె కదా అని అన్నీ దాచిన."

చిన్నారావు కాగితాలు ముట్టుకోలేదు. "మీ అన్న ఎలగున్నాడు?"

"ఉన్నడు. బండి ముట్టడు. స్టీరింగ్ పట్టుకొమ్మంటే చేతులు ఎనకకు పెట్టుకుంటడు. నా అజాగ్రత్తకు ఇంజన్ పోయింది, రేపు మనుషులు పోతే ఏంది అంటడు."

"మరి ఆ సీసాలావిడ?"

"సోమ్లక్కనా? సంత నడుమనే ఊరి పెద్దల బైఠక్ పెట్టి నిలబెట్టినం. నేను ఏం కలపలే, తెచ్చింది తెచ్చినట్టే పోసిన అని ఒకటే ఏడుపు. ఎవరు నమ్ముతరు? కిరండూల్ ఉస్తాద్ చెవి పెట్టిన బండి ఊకే ఎట్ల పగులుతది? సంతల కూసోవద్దన్నరు. ఇప్పుడు గోదారి అవతల మిర్చి కోతలకు పోయింది."

"అలాగా" అన్నాడు చిన్నారావు. పది నంబరు పానా కోసం బల్ల మీద వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

రెండు రోజులు పట్టింది పని. వెనక సీటు ఎత్తి, ట్యాంకు మూత విప్పి, చిన్న పంపు తీసి పెద్దది దించాడు. ఇంజెక్టర్ల రబ్బరు రింగులకి నూనె రాసి నాలుగింటినీ ఒక్కొక్కటే కూర్చోబెట్టాడు. ఫిల్టరు మార్చాడు. స్టార్టు చేయకుండా తాళం ఒక మెట్టు తిప్పమని మంగల్‌కి చెప్పి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు.

"పంపు కూత మస్తుగుంది ఉస్తాద్" అన్నాడు మంగల్ ముందు సీట్లోంచి.

"ఆఁ" అన్నాడు చిన్నారావు. అతనికి కూత లేదు, చేతి కింద వణుకు మాత్రం తెలిసింది. అరచేత్తో పని గడుపుకునేదాకా వచ్చింది బతుకు. దానికీ ఏమీ అనిపించలేదు.

మూడో రోజు పొద్దున్నే ఇంజన్‌కి రాగి గొట్టం బిగించాడు. లాప్‌టాప్ తెరిచాడు. డిప్పలు చేత్తో పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మంగల్ పోనివ్వమంటావా అని రెండుసార్లు అడిగాడు. బ్యాటరీ ఛార్జి అవనీ అన్నాడు. తరవాత టైర్లలో గాలి చూడమన్నాడు. ఆ తరవాత చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఇంజన్ ఆపిన కారులో ఊరికే కూర్చున్నాడు.

టీ గ్లాసులతో వచ్చిన సంతోషకుమారి అది చూసింది. గ్లాసు మంగల్‌కి ఇచ్చి, కారు వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "అవిలా ఇవ్వండి" అంది.

"ఏటి?"

"ఆ డిప్పలు. నేను వింటాను."

"నీకేటి తెలుసు నాకింగు గురించి?"

"చర్చిలో ముప్ఫైమంది పాడుతుంటే ఎవరు శ్రుతి తప్పేరో వెనక్కి తిరక్కుండా చెప్తాను. మీ ఇంజన్ ఒక్కటే గదా." ఆవిడ గొంతు తగ్గించింది. ఆయనకి వినబడే గొంతు ఏదో ఆవిడకి బాగా తెలుసు. "కుక్కరు విజిలు మీకు వినబడక ఏడాది దాటింది. పప్పు మాడిపోతే నేనే పరాకున ఉన్నానని చెప్పుకున్నాను. ఇంకా ఎన్నాళ్ళండీ?"

చిన్నారావు అద్దంలో ఆవిడ మొహం చూశాడు. సిగ్గు పడాలి, కోపం రావాలి, ఏదో ఒకటి రావాలి గదా. రాలేదు. "ముందు నేనొకసారి వింటాను" అన్నాడు.

లాప్‌టాప్‌లో బుధ్రాం పేరుతో ఫైలొకటి అలాగే ఉంది, కిందటేడు తను బ్రహ్మాండం అన్న లెక్కలు. అంకె కూడా మార్చకుండా దాన్నే కారులోకి ఎక్కించాడు. ఇది ఎందుకు చేస్తున్నాడో అతనికి బాగా తెలుసు. ఆ పాపం తనదో సోమ్లీదో తేలాలంటే ఇదొక్కటే దారి. ట్యాంకులో ఉన్నది బంకు పెట్రోలు, పర్చీలతో సహా.

పక్క ఊరు బచేలి దారిలో ఓర్ లారీలు తిరగని ఒక తిన్నటి ఎక్కుడు రోడ్డు ఉంది. "మూడో గేరు. నేను వదలమనే దాకా తొక్కు" అన్నాడు. మంగల్ తొక్కాడు. కారు వీపుని సీటుకి అదిమింది. డిప్పల్లో నిండుగా, మెత్తగా ఇంజన్ హోరు. చప్పుడు లేదు. శుభ్రం. కిందటేడు ఎలా ఉందో సరిగ్గా అలాగే ఉంది.

"వదిలెయ్."

బాగానే ఉంది అనబోయి మానేశాడు. కారుని వెనక్కి తిప్పించి, మొదటి చోటికే తెచ్చి, డిప్పలు తీసి వెనక్కి అందించాడు. "రేకు డబ్బాలో శెనగలాడినట్టుంటాది. వినబడిన ప్రతిసారీ నా భుజం మీద కొట్టు."

ఆవిడ కొప్పు మీదుగా డిప్పలు సర్దుకుని, కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసింది. మంగల్‌కి ఇదంతా ఏమిటో అర్థం కాలేదు గానీ ఉస్తాద్ తొక్కమన్నాడు గనక తొక్కాడు. అదే ఎక్కుడు, అదే గేరు. మీటర్లో ముల్లు నాలుగు వేలు దాటగానే భుజం మీద ఒక దెబ్బ పడింది. ఆ వెంటనే రెండు. ఆ తరవాత లెక్కలేదు, ఆవిడ అరచెయ్యి టపటపా కొడుతూనే ఉంది.

"వదులు. వదిలెయ్, వదిలెయ్."

కారు నెమ్మదించి రోడ్డు పక్కన ఆగింది. సంతోషకుమారి డిప్పలు మెడలోకి జార్చుకుని, "వినబడలేదా మీకు? ఒక్కటి కూడా?" అంది. చిన్నారావు లాప్‌టాప్‌లోకి వంగి, టైమింగ్ రెండు గళ్ళు వెనక్కి లాగాడు, పై వేగాల్లో పెట్రోలు పెంచాడు, టర్బో గాలి కొంచెం తగ్గించాడు. మళ్ళీ తొక్కించాడు. రెండు దెబ్బలు. ఇంకొంచెం లాగాడు. ఒక దెబ్బ. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చేసరికి ఆవిడ చెయ్యి భుజం మీద కదలకుండా ఉంది. కారు కిందటేటికంటే ఒక పిసరు మెత్తగా పరిగెడుతోంది, అంతే తేడా. ఆ పిసరు కోసం ఇన్ని జరిగాయి.

"దిగు మంగల్, మాట్లాడాలి" అన్నాడు చిన్నారావు.

ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడ్డారు. చెప్పకపోయినా ఇప్పుడు ఎవరికీ తెలీదు. కారు బాగుంది, మంగల్ సంతోషంగా వెళ్తాడు, పేరు నిలుస్తుంది, రేపట్నించి కుమారి వింటుంది. ఇదంతా చిన్నారావు ఒక్క నిమిషంలో ఆలోచించాడు. ఆలోచించాననే ఒప్పుకున్నాడు తరవాత. చెప్పేస్తే మాత్రం ఇంకో టర్బో కారు ఈ షెడ్డు గడప తొక్కదు.

"మీ అన్న తప్పేటీ లేదు" అన్నాడు. "సోమ్లీ పెట్రోలు తప్పూ కాదు. ఇందాక కొట్టింది నాకింగు, అది బంకు పెట్రోలుతోనే కొట్టింది. కిందటేడూ కొట్టే ఉంటాది. నాకు వినబడలేదు. నాకు చెవులు పోయేయి మంగల్. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు."

మంగల్ కారుకేసి చూశాడు, సంతోషకుమారి మెడలో ఉన్న డిప్పలకేసి చూశాడు. తిడతాడనుకున్నాడు చిన్నారావు. తిడితే బాగుణ్ణనీ అనుకున్నాడు.

"గిదేంది ఉస్తాద్" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "అన్నకు నేను చెప్త. సోమ్లక్కకు ఎవరు చెప్తరు?"

"నేనే వస్తాను."

"ఇంట్ల చెప్తే కాదు. సంతల నిలబడి చెప్పాలె. ఆమెను సంతల్నే అన్నరు."

మిర్చి కోతలు ముగిసి సోమ్లీ వచ్చిందని ఫోను వచ్చేసరికి ఏప్రిల్ నడుస్తోంది. చిన్నారావూ సంతోషకుమారీ బీజాపూర్ దాకా బస్సులో వెళ్ళారు. బస్టాండు బయట ఆ కారే నిలబడి ఉంది. స్టీరింగ్ దగ్గర బుధ్రాం ఉన్నాడు. నమస్తే అన్నాడు, తలుపు తీశాడు. ముప్ఫై కిలోమీటర్లూ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నడిపాడు. సంత కనబడుతుండగా మాత్రం, "ఆనాడే ఒక్క మాట అంటే అయిపోవు గద ఉస్తాద్" అన్నాడు. నిజమే, అయిపోయేది. చిన్నారావు తలూపాడు. లోపల ఇంకా ఆ తిమ్మిరే.

సోమ్లీకి యాభై దాటి ఉంటాయి. ఎండకి మాడిన సన్నటి మనిషి, మిర్చి ఘాటుకి వేళ్ళు పొక్కి ఉన్నాయి. ఊరి పెద్ద ముసలయ్య పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నలుగురైదుగురు మూగారు. చిన్నారావు ఎప్పటినించో అల్లుకున్న నాలుగు వాక్యాలూ చెప్పాడు: ఈవిడ పెట్రోలు మంచిదే, కారు చెడింది నా వల్ల, నాకు చెవులు వినబడవు, అబద్ధం ఆడేను. ముందే సంతకి వచ్చి ఉన్న మంగల్, తెలుగు రానివాళ్ళకి గోండీలో చెప్పాడు. ముసలయ్య గొంతు సవరించుకుని, సరే, తప్పు ఒప్పుకున్నాడు గనక సోమ్లీ మళ్ళీ కూసోవచ్చన్నాడు. మూగినవాళ్ళు కదలబోయారు. అందరికీ పని అయిపోయినట్టే ఉంది.

సోమ్లీ ఏదో అంది. చిన్నారావుకి అందలేదు. మంగల్ కేసి చూశాడు.

"ఇక్కడున్నది ఆరుగురే అంటుంది" అన్నాడు మంగల్. "ఆనాడు సంత సంతంత విన్నదట. ఎంట రమ్మంటుంది."

ఆవిడ అప్పటికే నడుస్తోంది. చిన్నారావు వెనక నడిచాడు. ఉప్పు, ఎండుచేపలు అమ్మే వరస దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. అతను నాలుగు వాక్యాలూ మళ్ళీ చెప్పాడు. ఎండుచేపలావిడ బేరం ఆపి విని, సోమ్లీకేసి చూసి తల దించుకుంది. సోమ్లీ నడిచింది. ఇప్పపూల గంపల వరసలో మళ్ళీ చెప్పాడు. తన గొంతు ఎంత పైకి లేస్తోందో తనకే తెలియక అరిచాడు కాబోలు, కోళ్ళు అమ్మేవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. "గట్టిగా అరవొద్దు, నిమ్మళంగా చెప్పండి" అని సంతోషకుమారి చెయ్యి పట్టుకుంది. గాజుల దుకాణం ముందు ఒకామె సోమ్లీని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు బైఠక్‌లో దొంగ అని ముందుగా అరిచింది తనేనట.

అక్కడ చిన్నారావు మొదటి వాక్యం చెప్పాడు. రెండోది మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎందుకు ఆగానా అనుకునేలోపు మొహమంతా తడిసింది. ఆర్నెల్లుగా ఎదురు చూసినదంతా ఒక్కసారి మీద పడింది: బైఠక్‌లో సోమ్లీ ఏడ్చిన ఏడుపు, బుధ్రాం వెనక్కి పెట్టుకున్న చేతులు, పొక్కిన ఆ వేళ్ళు. నొప్పి పుట్టింది. నిజంగా నొప్పి, పక్కటెముకల కింద, మనిషి వంగిపోయేంత. ఆ సంత మధ్యలో, గాజుల ముందు, నలభై ఎనిమిదేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సోమ్లీ నిలబడి చూసింది. జాలి పడిందో లేదో చెప్పలేం. ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, మిగతా మూడూ చెప్పమన్నట్టు చేత్తో సైగ చేసింది. చెప్పాడు. ఆవిడ ముందుకి నడిచింది. ఇంకా రెండు వరసలున్నాయి.